ఆగుడు బండి

తెలకపల్లి దాటి లింగాల వైపు పోయే రోడ్డు మీద ఈ మధ్య ఒక బోర్డు పెట్టారు. పసుపు పచ్చ రేకు మీద నల్లటి జింక బొమ్మ, ముందు కాళ్ళు గాలిలో ఉంటాయి. కింద నెమ్మదిగా వెళ్ళమని రాసి ఉంటుంది. మా తమ్ముడి కారులో పోతూ చూశాను. వాడు బోర్డు చూసి కూడా వేగం తగ్గించలేదు.

"ఈడ జింకలు యాడున్నయన్నా? కాంట్రాక్టరుకు బిల్లు గావాలె, పెట్టిండు" అన్నాడు.

బండి ఆపమన్నాను. ఎందుకని అడిగితే కడుపులో తిప్పుతోందని చెప్పాను. అబద్ధాలు నాకు సులువుగా వస్తాయి. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ సంగతే.

దిగి బోర్డు వెనక ముళ్ళకంప కాలితో పక్కకు తోసి చూస్తే రాయి అక్కడే ఉంది. మోకాలెత్తు రాయి. ఒకప్పుడు దానికి సున్నం పూసి ఉండేది. ఇప్పుడు ఆ తెలుపు ఆనవాలు కూడా లేదు. ఏ ఇంజనీరు వచ్చి కొలిచాడో కానీ, బోర్డు సరిగ్గా ఆ రాయి పక్కనే పాతారు. సున్నం డబ్బా, చీపురుకట్ట పట్టుకుని ఒక జీపు డ్రైవరు గుర్తుపెట్టిన చోటు సర్కారుకు ఇన్నేళ్ళకు తెలిసింది.

పక్క చేలో మేకలు కాసే ఆమెను ఆ డ్రైవరు గురించి అడిగాను. ఆయన పోయి రెండేళ్ళయిందట. "మంచోడు. ఊకె ఆగుతుండె" అంది. ఆమెకు అంతే గుర్తుంది. అది చాలా సరిగ్గా గుర్తుంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. నా చేతితో ఆయన పేరు ఒకసారి ఒక ఫారంలో రాశాను. అది చాలు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను నాగర్‌కర్నూల్ బస్టాండు పక్కన జిరాక్సు షాపు ముందు ఒక టేబులు, రెండు కుర్చీలు వేసుకుని బండ్లకు ఇన్సూరెన్సు కాగితాలు చేసేవాణ్ణి. అప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అన్నీ ఒకటే జిల్లా. ఏ పెద్ద కాగితం పనైనా జిల్లా కేంద్రం పాలమూరులోని మా కంపెనీ బ్రాంచికి పోవాల్సిందే. లింగాల, తెలకపల్లి రూట్లో తిరిగే జీపుల వాళ్ళందరూ నా దగ్గరికే వచ్చేవారు. అందరిదీ ఒకటే మాట: "సారూ, పోలీసోళ్ళకు చూపెట్టేటందుకు అన్నిట్ల తక్కువది చెయ్యి."

ఈయన జీపు కూడా ఆ రూట్లోదే. పాతదే, కానీ శుభ్రంగా ఉండేది. మిగతా జీపుల వెనక జనం గబ్బిలాల మాదిరి వేలాడుతుంటే ఈయన మాత్రం కూర్చునే వాళ్ళనే ఎక్కించుకునేవాడు. "ఏలాడేటోళ్ళు వెనక బండి ఎక్కుండ్రి" అనేవాడు. నోట్లో బీడీ లేకుండా నేను చూసింది ఆయన స్టీరింగు పట్టుకున్నప్పుడే. దిగగానే ముట్టించేవాడు.

ఆ జీపుకు మిగతా డ్రైవర్లు పెట్టిన పేరు ఆగుడు బండి. ఆ పేరు ఊరికే రాలేదు. తెలకపల్లి నుంచి అడవి మొదలయ్యే దాకా ఆ రోడ్డు మీద మూడు చోట్ల ఆయన రాళ్ళకు సున్నం పూసి పెట్టుకున్నాడు. ఒకటి సీతాఫలం చెట్ల గుంపు దగ్గర, ఒకటి గోడ లేని కల్వర్టుకు కొంచెం అవతల లింగాల వైపు, ఇంకొకటి అడవి అంచున పల్లి చేల మధ్య. వానలు తగ్గగానే ఏటా మళ్ళీ పూసేవాడు. పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు ఆ రాళ్ళ దగ్గరికి వస్తే బండి రెండో గేరుకు దిగేది. లైట్లు నేల మీదికి దించేవాడు. వెనక ముచ్చట్లు పెట్టుకునే ఆడవాళ్ళను "జర సప్పుడు చేయకుండ్రమ్మా" అని ఊరుకోబెట్టేవాడు. రెండుసార్లు పొట్టిగా హారన్ కొట్టేవాడు. జింక కనిపిస్తే ఇక అంతే, బండి నిలబడిపోయేది.

మామూలు మనిషి జింక రోడ్డు దాటితే బండి కదిలిస్తాడు. ఈయన అప్పుడు మొదలుపెట్టేవాడు. స్టీరింగు మీద గడ్డం ఆనించి చీకటి చేలోకి చూస్తూ, "ఒకటి... ఇంకా ఉన్నరు... రెండు... ఇంకా ఉన్నరు" అనేవాడు. జింకల్ని 'ఉన్నయి' అనడు, 'ఉన్నరు' అంటాడు. చుట్టాలు సామాన్లు సర్దుకుని వస్తుంటే గడప దగ్గర నిలబడ్డ మనిషి మాట్లాడినట్టుండేది. ఒక్కోసారి నిజంగానే ఇంకోటి వచ్చేది. చాలాసార్లు రాదు. రాకపోయినా ఆయన లెక్క ఆయనకుంది. అది పూర్తయ్యే దాకా బండి కదలదు. దుప్పికీ జింకకూ తేడా ఆయనకు బాగా తెలుసు, మాకే తెలియదు. మాకన్నీ జింకలే. మా కోసం ఆయన కూడా జింకలనే అనేవాడు.

లింగాల నుంచి తెలకపల్లి బడికి ఒక పంతులు ఆ జీపులోనే వచ్చేవాడు. "నీ బండెక్కినప్పటి సంది నాకు సగం హాజరే పడుతుందయ్యా" అని రోజూ తిట్టేవాడు. రోజూ అదే బండి ఎక్కేవాడు. పసిపిల్లలున్న తల్లులు ఆ జీపు కోసం రెండు జీపులు వదులుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఒకసారి అడిగాను, "జింకలంటే నీకు గంత భయమేందన్నా?" అని.

"భయం గాదు సారూ" అన్నాడు. "ముందల పోయేది బండిని చూస్తది. వెనకొచ్చేది బండిని చూడదు, ముందల పోయిన తల్లిని చూస్తది. గందుకే సచ్చేది ఎప్పుడైనా వెనకదే."

ఆ మాటకు నేను నవ్వాను. అప్పుడు నాకు అన్నిటికీ నవ్వే వచ్చేది.

ఇన్సూరెన్సు కోసం ఆయన మొదటిసారి నా టేబులు దగ్గరికి వచ్చిన రోజు బాగా గుర్తుంది. చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుని, "సారూ, జింక తగిలి బండి ఖరాబైతే పైసలొచ్చే కాగితం ఉంటదా?" అని అడిగాడు. నా జన్మలో ఎవరూ అలా అడగలేదు.

"థర్డ్ పార్టీ చేస్తే నీ బండి ఎవర్నన్న గుద్దితే వాళ్ళకొస్తది. నీ బండికే ఏమన్నయితే రావాల్నంటే ఫుల్ ఇన్సూరెన్స్ చెయ్యాలె. ఖర్చెక్కువ" అన్నాను.

"అండ్ల జింక ఉంటదా?"

"ఉంటదన్నా."

"రాసి ఉంటదా?"

విసుగొచ్చింది. అయినా పాలసీ తెరిచి వెతికి, బయటి నుంచి ఏది తగిలి ప్రమాదం జరిగినా అన్న లైను చూపించి తెలుగులో చెప్పాను. ఆ లైను మీద నా వేలు పెట్టించి, దాని కింద పెన్సిలుతో గీత గీయించుకున్నాడు. ఆయనకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు.

"నేను ఎన్ని తీర్ల ఆగినా, ఏదో ఒకనాడు ఒకటొచ్చి తగుల్తది సారూ. గా ఒక్కరోజు కోసమే ఈ కాగితం" అన్నాడు. ఆ తర్వాత ఏటా గడువు తీరకముందే వచ్చి మళ్ళీ చేయించుకునేవాడు. ఆ పెన్సిలు గీత కూడా ఏటా కొత్త కాగితం మీద గీయించుకునేవాడు.

ఆ ఒక్కరోజు వచ్చినప్పుడు ఆయన పక్క సీట్లో కూర్చున్నది నేనే.

చలికాలం. పల్లి చేలు పచ్చగా ఉన్న రోజులు. లింగాలలో మా చుట్టాలింట్లో ఉండి, పొద్దున మొదటి ట్రిప్పుకు ఆయన జీపెక్కాను. పది గంటలకు పాలమూరులో ఏజెంట్ల మీటింగు. ఆలస్యమైతే అక్కడి బ్రాంచి ఆఫీసరు అందరి ముందు నిలబెట్టి కడిగేస్తాడు. వెనక పంతులు, కూరగాయల గంపలతో నలుగురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన ఉన్నారు. కల్వర్టుకు ముందున్న తెల్లరాయి దగ్గర బండి రెండో గేరుకు దిగింది. రెండు జింకలు ఎడమ నుంచి వచ్చి దాటిపోయాయి. ఆయన గడ్డం స్టీరింగు మీద ఆనించాడు.

"ఇంకా ఉన్నరు" అన్నాడు.

గడియారం చూసుకున్నాను. మళ్ళీ చూసుకున్నాను. చేలో ఏమీ కదలడం లేదు.

"పోనియ్యన్నా, పోయినయి గదా" అన్నాను.

"జర ఆగు సారూ."

నాకు ఒళ్ళు మండింది. "నీ జింకల కోసం నా నౌకరి పోగొట్టుకోవాల్నా? ఊరంత నిన్ను ఆగుడు బండి అని నవ్వుతున్నరు, సిగ్గు గూడ లేదా?" అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పంతులే అనుకుంటా.

ఆయన నా వైపు చూడలేదు. ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఎప్పుడూ లేనిది, లెక్క పూర్తి కాకముందే క్లచ్ వదిలాడు. మూడో గేరు వేశాడు, ఆ తర్వాత నాలుగు వేశాడు. నా మీద కోపంతోనే వేశాడు. వంద గజాలు పోయామో లేదో, కల్వర్టు మీద ఉండగా ఎడమ పక్క నుంచి పెద్ద మగ దుప్పి ఎగిరింది.

ఆయన స్టీరింగు తిప్పలేదు. అది కూడా ఆయన ఎప్పుడూ చెప్పేదే. "అది వచ్చినంక తిప్పద్దు. అదొక్కతే, మనం పదిమందిమి." కుడి వైపు గోడ లేదు, కింద పెద్ద పెద్ద రాళ్ళ వాగు. బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. బండి సూటిగా పోయి దాన్ని గుద్దింది. బానెట్ పైకి లేచింది, అద్దం చీలింది, ఫ్యాను విరిగి రేడియేటరులో దిగింది, ఇంజను ముందు భాగం పగిలింది. లోపలున్న వాళ్ళలో ఒక్కరికి గీత కూడా పడలేదు. ఒకామె గంపలోని టమాటలు మాత్రం రోడ్డు మీద దొర్లాయి.

ఆయన దిగి ముందు మమ్మల్నందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. తర్వాత రేడియేటరు కోసం పెట్టుకున్న నీళ్ళ డబ్బా తీసుకుపోయి దుప్పి నోట్లో కొంచెం పోశాడు. అది తాగలేదు. మేము చుట్టూ మూగబోతుంటే చేయెత్తి ఆపాడు.

"జరుగుండ్రి. ఇంకా ఉన్నరు" అన్నాడు.

అప్పుడొచ్చింది చిన్నది. చేను గట్టు మీద నిలబడి, మమ్మల్ని చూసి, మా పక్క నుంచే రోడ్డు దాటి పోయింది.

ముసలాయనే ముందు నోరు తెరిచాడు. మాంసం నలుగురం పంచుకుంటే ఎవరికీ తెలియదన్నట్టు ఏదో అన్నాడు. డ్రైవరు చూసిన చూపుకు ముసలాయన మాట సగంలోనే ఆపాడు. అప్పుడు నేను రంగంలోకి దిగాను. అడవి జంతువు చస్తే ఫారెస్టు వాళ్ళు బండి గుంజుకుపోతారని, డ్రైవరును లోపలేస్తారని మా ఏరియాలో అందరికీ భయం. జింక తగిలిన ప్రతివాడూ చెట్టుకు గుద్దినననే చెప్పేవాడు. ఆ కాగితాలు రాసింది నేనే కాబట్టి ఎన్ని చెట్లను బండ్లకు అడ్డం పెట్టానో నాకు తెలుసు.

"అన్నా, నువ్వు ఎవ్వరికీ ఏం చెప్పకు. నోరు మూసుకుని ఉండు. నేను చూసుకుంట. క్లెయిమ్ నేనిప్పిస్త" అన్నాను.

అది మనస్ఫూర్తిగానే అన్నాను. తప్పు నాదని తెలుసు కాబట్టి, ఎలాగైనా ఆయన జీపు ఆయనకు నిలబెట్టి ఇవ్వాలని నా ఆరాటం. ఆ ఆరాటంలో కూడా వెనకొచ్చిన ఇంకో జీపెక్కి మీటింగుకు పోయాను. పది నిమిషాలే ఆలస్యమైంది. ఆఫీసరు ఏమీ అనలేదు.

మర్నాడు ఆయన నా టేబులు దగ్గరికి వచ్చాడు. అదే కుర్చీ అంచు. ఫారం తీశాను. దేనికి గుద్దింది అన్న గడి దగ్గరికొచ్చాను.

"జింకనే రాయి సారూ" అన్నాడు.

"నీకు తెల్వదన్నా, పరేషాన్‌ల పడ్తవు."

"ఫారెస్టోళ్ళ సంగతి నేను..." అని ఏదో చెప్పబోయాడు.

"నువ్వేం మాట్లాడకు. ఇది నా పని" అన్నాను. ఒక్క నిమిషం ఆగి ఆయన మాట పూర్తి కానిచ్చి ఉంటే సరిపోయేది. ఆగడం నాకు చేతకాదు కదా.

"గీత గీసిస్తివి గదా సారూ. ఉన్నది ఉన్నట్టు రాస్తే పైసలొస్తయంటివి."

"సరే, రాస్తున్న" అన్నాను.

చెట్టని రాయలేదు. ఎందుకంటే బానెటుకు రక్తం, వెంట్రుకలు అంటి ఉన్నాయి. చెట్టుకు వెంట్రుకలుండవని, బండి చూడడానికి వచ్చే కంపెనీ సర్వేయరు పట్టేస్తాడు. నాకు తెలివెక్కువ కాబట్టి ఎద్దు అని ఇంగ్లీషులో రాశాను. పొద్దున వేళ మంచులో ఎద్దు అడ్డమొచ్చింది, గుద్దినంక పారిపోయింది. చక్కటి కథ. నా అక్షరాలు కూడా గుండ్రంగా బాగుంటాయి.

"ఒకసారి చదువు సారూ, ఏం రాసినవో" అన్నాడు.

ఫారం చేతిలో పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల మీద చూపుడువేలు జరుపుతూ, "పొద్దుగాల జింక అడ్డమొచ్చింది. బ్రేకు కొట్టిన. ఆగలేదు" అని తెలుగులో చదివాను. తడబడలేదు. ఆయన తల ఊపి, పెన్ను తీసుకుని, అక్షరం అక్షరం పేర్చి తెలుగులో సంతకం చేశాడు.

ఆయన చెప్పబోయిందేమిటో నెల తర్వాత తెలిసింది. ఆ పొద్దున మేమంతా వేరే జీపెక్కి పోయాక, ఆయన చచ్చిన జంతువు దగ్గరే కూర్చుని, దారిన పోయేవాడితో ఫారెస్టు వాళ్ళకు కబురు పెట్టాడు. వాళ్ళు వచ్చి తిట్టి, మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోబెట్టి, చివరికి ప్రమాదమేనని పంచనామా రాసుకుని పంపారు. బండి గుంజుకోలేదు, కేసూ పెట్టలేదు. ఆ పంచనామా నకలు ఇవ్వడానికి వారం పట్టింది. అది చేతికి రాగానే ఆయన మడత నలగకుండా దాన్ని పాలమూరు బ్రాంచిలో ఇచ్చి వచ్చాడు. నన్ను మళ్ళీ ఇబ్బంది పెట్టడమెందుకని సొంతంగా పోయాడట.

బ్రాంచి నుంచి ఇద్దరికీ పిలుపొచ్చింది.

ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. టేబులు మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. "దీంట్లో ఎద్దు, దీంట్లో జింక. ఏది నిజం?" అని అడిగాడు.

"జింక సారు" అన్నాడు ఆయన, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. అంతలోనే మొదటి మాట చెవిన పడినట్టుంది. "ఎద్దేంది సారు?" అన్నాడు.

ఆఫీసరు ఫారం ఆయన ముందుకు తిప్పి, ఆ గడి మీద వేలు పెట్టి ఆ ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పాడు. కింద సంతకం చూపించి, "ఇది నీదేనా?" అన్నాడు.

"నాదే సారు."

"రాసిందెవరు?"

ఆయన ఫారం మీది తన సంతకం వైపే చూస్తున్నాడు. ఆఫీసరు నా వైపు తిరిగాడు. "నీ చేతిరాతే కదయ్యా?"

మా ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారని, ఇల్లు గుర్తొచ్చిందని చెప్పుకోవచ్చు. ఏమీ గుర్తు రాలేదు. నోరు దానంతటదే కదిలింది.

"రాత నాదే సార్. ఆయన చెప్పిందే రాసిన" అన్నాను.

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు. కళ్ళార్పకుండా, గడ్డం కొంచెం ముందుకు పెట్టి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. తెల్లరాయి దగ్గర బండి ఆపి చేలోకి చూసే చూపు. ఒక మాట దాటిపోయింది, దాని వెనక ఇంకోటుంటుందని, అదొచ్చే దాకా ఆగాలని ఆయన ఆగాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. నేను టేబులు మీదున్న గుండుసూదుల డబ్బాను చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఆగాడు. బండిలో ఎన్నడూ అంతసేపు ఆగలేదు.

తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "ఏం లేదు సారు" అన్నాడు.

ఆఫీసరుకు నిజంగానే బాధ వేసింది. "లైసెన్సు సరిగ్గుంది, పాలసీ సరిగ్గుంది, బండిలో మనుషులు కూడా లెక్క ప్రకారమే ఉన్నారు. జింక అని రాసుంటే రేపే ఇచ్చేవాళ్ళం. అబద్ధం రాసిన ఫారానికి ఎట్ల ఇయ్యాలయ్యా?" అన్నాడు.

బస్సులో వేరే వేరే సీట్లలో కూర్చున్నాం. నాగర్‌కర్నూల్‌లో దిగాక నేను ఏదో అనబోయాను. "ఇంటికి పో సారూ, పొద్దు గూకుతుంది" అని ఆయన తన దారిన పోయాడు. ఆ మాటలో వెటకారం కోసం చాలా రోజులు వెతికాను. ఉండి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

జీపు మెకానిక్ షెడ్డు వెనక ఒక వానాకాలమంతా ఉంది. సీట్ల మధ్య గడ్డి మొలిచింది. పొద్దున్నే పోయి అద్దాలు తుడిచి వచ్చేవాడని మెకానిక్ చెప్పాడు. చివరికి పాత ఇనుము వాళ్ళు ముక్కలు చేసి పట్టుకుపోయారు. వేరేవాళ్ళ బండ్ల మీద డ్రైవరుగా ప్రయత్నించాడు. ఓనర్లకు ట్రిప్పులు కావాలి. ఆగేవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? పైగా దొంగ క్లెయిమ్ పెట్టి దొరికిపోయాడన్న మాట ఆ రూటంతా పాకింది. పంతులు కూడా నమ్మాడు. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. అది నిజం కాదని నేను ఎవరికీ చెప్పలేదు, అదొక్కటీ తెలుసు.

ఆ తర్వాత ఆయన్ని ఒకే ఒక్కసారి కలిశాను. మూడు నాలుగేళ్ళు గడిచి ఉంటాయి. సాయంత్రం బస్సులో లింగాల పోతుంటే, అడవి అంచున పల్లి చేలో కర్రలతో కట్టిన మంచె మీద కనిపించాడు. చేనుకు కావలి ఉంటున్నాడు. చేతిలో ఖాళీ నూనె డబ్బా, ఒక కట్టె. జింకలు, పందులు చేలో పడకుండా డబ్బా కొట్టి తరమడం పని. రోడ్డు పక్క మూడో తెల్లరాయి ఇంకా తెల్లగానే ఉంది. సున్నం అప్పటికీ పూస్తున్నాడన్నమాట.

బస్సు ఆపించి దిగాను. చెప్పాల్సిన మాటను గట్టు మీద నడుస్తూ నాలుగుసార్లు లోపల అనుకున్నాను. మంచె కింద నిలబడ్డాను. సన్నబడ్డాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఏం సారూ, కాగితాలు రాస్తున్నవా ఇంకా?" అన్నాడు.

"రాస్తున్ననన్నా."

"జింకలు తగిలినోళ్ళు వస్తరా?"

"వస్తరు. అప్పుడొకరు, ఇప్పుడొకరు."

"ఏం రాస్తున్నవు?"

"జింకనే రాస్తున్న. ఫారెస్టోళ్ళ పంచనామా గూడ పెట్టుమంటున్న" అన్నాను.

"పైసలొస్తున్నయా వాండ్లకు?"

"వస్తున్నయి."

"అందరికా?"

"అందరికీ."

"మంచిది" అన్నాడు.

మంచె మీద నుంచి అలాగే చూశాడు. మళ్ళీ అదే చూపు. ఇంకోటి రావాల్సి ఉందని ఆయనకు తెలుసు. అది నా నాలుక చివరనే ఉంది. దాని కోసమే బస్సు దిగి వచ్చాను. పొద్దు గుట్ట వెనక్కి జారే దాకా నేను నిలబడ్డాను, ఆయన ఆగాడు.

చేను అవతలి మూల ఏదో కదిలింది. ఆయన అటు తిరిగి డబ్బా కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడులో ఇక ఏం చెప్పినా వినిపించదు కదా అనుకుని, నేను రోడ్డు మీదికి వచ్చి నిలబడి, లింగాల పోయే ఇంకో జీపు చేయెత్తి ఆపి ఎక్కాను.